మెట్ల కింద నిలబడి ఎంచుకున్న డాన్స్ క్లాసు

మా బిడ్డకు ఐదేళ్ళు నిండేదాకా పాట వినపడితే కాలు నిలిచేది కాదు. పెళ్ళి బరాతు ఎవరిదైనా సరే, మా వీధిలోంచి పోతే చాలు, తనూ వెంట పోయేది. పాల బండి హారన్‌కు కూడా ఒక చిందు వేసేది. ఆ ఏడు బడి వార్షికోత్సవంలో సీతాకోకచిలుక వేషం కట్టి స్టేజీ ఎక్కించారు. లైట్లు వెలిగాయి, పాట మొదలైంది, మిగతా సీతాకోకచిలుకలన్నీ ఎగిరాయి. మాది ఎగరలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుని పాట అయిపోయేదాకా నిలబడి, చివర్లో అందరితోపాటు నమస్కారం పెట్టి దిగింది.

మరుసటి ఏడాది బడివాళ్ళు తెలివిగా ఆలోచించి ఆమెకు చెట్టు వేషం ఇచ్చారు. చెట్టుకు కదలాల్సిన పని లేదు. అట్టముక్కతో చేసిన కొమ్మలు చేతుల్లో పట్టుకుని స్టేజీ మూలన నిలబడాలి, అంతే. ఆ పని మా బిడ్డ ఎంత బాగా చేసిందంటే, వాళ్ళ మేడం మైకులో పేరు పెట్టి మరీ మెచ్చుకుంది. చిక్కంతా ఆ మెచ్చుకోలుతోనే వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ పాట పెట్టినా చేతులు పైకెత్తి కొయ్యలా నిలబడడం మొదలుపెట్టింది. మా చెల్లెలి మరిది పెళ్ళి బరాతులో ఊరంతా ఎగురుతుంటే, నడివీధిలో ఈమె ఒక్కతే కొమ్మలు చాపి నిలబడింది. జనం ఆమె చుట్టూ తిరిగి పోయారు.

"జర ఆడరాదు బిడ్డా," అన్నాను.

"నేను చెట్టును బాపు. చెట్టు ఆడదు కద."

పక్కనే ఉన్న మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఊరుకోలేదు. "గాలొస్తే చెట్టు గుడ ఊగుతదే."

"గాలి రాలే బాపమ్మా."

నవ్వుకున్నాం. వచ్చినవాళ్ళందరికీ చెప్పి మళ్ళీ నవ్వుకున్నాం. ఆ నవ్వు బతుకమ్మ పండుగ దాకా సాగింది. పండుగకు వాడకట్టు ఆడపిల్లలంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, మా బిడ్డ గోడకు ఆనుకుని చూసింది. ఈసారి చేతులు కూడా ఎత్తలేదు. పో బిడ్డా అంటే, "నాకు రాదు," అంది. చెట్టు అన్నప్పుడు నవ్విన నాకు ఆ మాటకు నవ్వు రాలేదు. నిన్నమొన్నటి దాకా పాల బండికి చిందు వేసిన పిల్ల ఆరేళ్ళకే తనకు రాదని తీర్మానం చేసుకుంటే, ఆ తీర్మానం ముదిరి గట్టిపడకముందే ఏదో ఒకటి చేయాలి. ఎవరూ చెప్పకుండా ఆమె కాలు మళ్ళీ తనంతట తాను లేవాలి. నాకు కావలసింది అదొక్కటే.

నేను కరీంనగర్‌లో ఆటో నడుపుతాను. పదో తరగతి రెండుసార్లు తప్పి బడి మానేసినవాణ్ణి. అయితే మా స్టాండ్ జిల్లా గ్రంథాలయానికి కూతవేటు దూరంలో ఉండడం వల్ల, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నా అసలు చదువు సాగింది. తేనెటీగల గురించి చదివాను, మొగలుల గురించి చదివాను, మూత్రపిండాల్లో రాళ్ళ గురించి చదివాను. అన్నీ కలిపితే ఏ డిగ్రీకీ తక్కువ కాదని నా నమ్మకం. మా స్టాండ్‌లో ఎవరూ దీన్ని ఒప్పుకోరు. వాళ్ళు చదవలేదు కనుక వాళ్ళకు తెలిసే దారి కూడా లేదు.

డాన్స్ క్లాసు వెతకాలంటే ముందు డాన్స్ అంటే ఏమిటో తెలియాలి. గ్రంథాలయానికి పోయాను. ఇప్పుడక్కడ కుర్చీలన్నీ సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలవే. నాట్యం మీద పుస్తకాలు కావాలంటే లైబ్రేరియన్ సారు నన్ను పైకీ కిందికీ చూసి, "ఏ పరీక్షకు?" అన్నారు. "మా బిడ్డకు సార్," అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా స్టూలెక్కి, దుమ్ము దులిపి ఒక లావుపాటి పుస్తకం తీసిచ్చారు. ఇంటికి ఇచ్చేది కాదది. అందుకని వారం రోజులు అక్కడే కూర్చుని నోట్‌బుక్‌లో ఎక్కించాను. అడుగుల బొమ్మలు కూడా పెన్సిలుతో దించాను. అన్నీ అయ్యాక, క్లాసు చెప్పేవాళ్ళను అడగడానికి పదిహేడు ప్రశ్నలు తయారుచేశాను. మీది ఏ బాణీ, నవరసాల్లో పిల్లలకు మొదట నేర్పే రసం ఏది, ముద్రలు ముందా అడుగులు ముందా, ఇలాంటివి.

మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మిషను ఆపకుండానే పదిహేడూ విన్నది.

"బాత్రూం ఉన్నదా అని అడిగినవా?"

"గా ముచ్చట నాట్యశాస్త్రంల రాదు."

"ఆరేండ్ల పిల్లకు వస్తది. కింద బండ జారుతదా సూడు. క్లాసు నడుస్తుంటే మనల్ని సూడనిస్తరా అడుగు. గీ మూడు రాసుకో."

రాసుకున్నాను. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. అన్నిటికంటే అడుగున.

మొదట బిడ్డను తీసుకుని పోయింది మెయిన్ రోడ్డు మీది డాన్స్ స్టూడియోకు. నాలుగు గోడలకూ అద్దాలు, నీలం లైట్లు, నేల మీద నిగనిగలాడే గ్రానైటు. మా జిల్లాలో కొండలు తవ్వేది అందుకే కదా, ఎవరు ఇల్లు కట్టినా, షాపు పెట్టినా గ్రానైటే పరుస్తారు. చెమట కాళ్ళతో దాని మీద ఎగిరితే ఏమవుతుందో మేము ఉన్న ఐదు నిమిషాల్లోనే ఒక పిల్లవాడు జారి చూపించాడు. మాస్టరు పాతికేళ్ళ అబ్బాయి, నెత్తి మీద సగం వెంట్రుకలు ఎర్రగా ఉన్నాయి.

"నవరసాల్లో మొదట ఏ రసం నేర్పుతరు?" అని అడిగాను.

"అన్ని రసాలు నేర్పుతం అంకుల్. ఏ పాట వడితే గా రసం."

నిజానికి అది చెడ్డ జవాబేమీ కాదని తర్వాత అనిపించింది. ఆ తర్వాత అతను, "మూన్నెల్లల్ల స్టేజీ ఎక్కిస్త అంకుల్, ఏడాదిల టీవీ," అన్నాడు. స్టేజీ అన్న మాట వినగానే నా చూపుడువేలు మా బిడ్డ పిడికిట్లో నలిగింది. మిగతా ప్రశ్నలు అడగకుండానే బయటికి వచ్చాం.

ఇంకొక చోట తలుపు వేసి నేర్పుతారట, తల్లిదండ్రులు రోడ్డు మీద ఉండాలట. నా పదిహేడు ప్రశ్నలకూ చక్కగా జవాబులు చెప్పారు. ఇరవయ్యో ప్రశ్న దగ్గర పోయింది. మా ఆవిడ ముందు ఈ సంగతి ఎత్తలేదు.

మా స్టాండ్‌లో అందరికంటే పెద్దాయన ఒకరున్నారు, అందరం కాకా అని పిలుస్తాం. బడిపిల్లలను ఆటోలో తిప్పడం ముప్పయ్యేళ్ళ పని ఆయనకు. నా అవస్థ విని బీడీ ఆర్పాడు.

"అరే పంతులూ, లోపలికి వోయి ఏం సూస్తవ్? లోపల అందరు మంచిగనే ఉంటరు. క్లాసు ఇడిశినంక మెట్ల కింద నిలవడు. పోరగాండ్లు ఎట్ల దిగుతరో సూడు. నేను ముప్పయ్యేండ్ల సంది బళ్ళను గట్లనే సూస్తున్న. గేటు దాటంగనే తెలుస్తది లోపల ఏం పెట్టిండ్రో."

"గిదేం శాస్త్రం కాకా?"

"ఆటో శాస్త్రం."

చదువుకున్నవాణ్ణి గనుక ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకోకుండానే ఆ సాయంత్రం స్టూడియో మెట్ల కింద ఆటో ఆపుకుని, గిరాకీ కోసం చూస్తున్నట్టు కూర్చున్నాను. పిల్లలు దిగారు. తల్లులు ఫోన్లు పట్టుకుని తీసిన వీడియోలు చూపిస్తున్నారు, పిల్లలు వాటిలో మొహాలు పెట్టుకుని దిగుతున్నారు. ఒక పిల్ల తనను వెనక వరుసలోకి మార్చారని ఏడుస్తోంది. పది నిమిషాల్లో మెట్లు ఖాళీ అయ్యాయి.

ఆ ఆదివారం కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉన్న కూచిపూడి క్లాసు కింద నిలబడ్డాను. క్లాసు పదకొండింటికి విడిచారు. పదకొండుంబావు అయినా సగం మంది కిందికి దిగలేదు. ప్రతి మెట్టు మీదా కాళ్ళు టపటపలాడుతున్నాయి. మలుపు దగ్గర ఇద్దరు పిల్లలు ఆగి, ఏ కాలు ముందో పోట్లాడుకుంటున్నారు. "నీది తప్పు," "నీ తాతది తప్పు." ఒక బక్కపిల్ల ఆకలి అంటూ చివరి మెట్టు మీద కూలబడింది. తల్లి లేపితే లేచి, ఆకలి సంగతి మరిచి, మళ్ళీ నాలుగు అడుగులు వేసింది. పద్నాలుగు మెట్లు దిగడానికి పావుగంట పైన తీసుకునే క్లాసు నేను ఎక్కడా చూడలేదు.

అయినా శాస్త్రం శాస్త్రమే కదా. మరుసటి ఆదివారం నోట్‌బుక్ తీసుకుని, బిడ్డను వెంటబెట్టుకుని మెట్లెక్కాను. టీచరమ్మకు యాభై దాటి ఉంటాయి. ఒక చేతిలో టీ గ్లాసు, ఒక చేతిలో కర్ర. ముందున్న చెక్కదిమ్మ మీద ఆ కర్రతో తాళం కొడుతుంది. పన్నెండు మంది ఆడపిల్లలు రెండు వరుసల్లో నిలబడి ఉన్నారు. నేను మొదటి ప్రశ్న అడిగాను, జవాబు చెప్పింది. రెండోది, మూడోది. నాలుగో దానికి టీ గ్లాసు కింద పెట్టింది.

"మీరు నేర్చుకున్నరా?"

"చదివిన మేడం."

"అయితే కూర్చోండి."

నేను కుర్చీ కోసం చూశాను.

"కుర్చీల కాదు. మడమలు కలిపి, మోకాళ్ళు పక్కలకు పెట్టి, నడుము నిలవెట్టి సగం కూర్చోండి. నేర్పే మొదటి పాఠం అదే. పుస్తకంల ఉండే ఉంటది."

ఉంది. బొమ్మతో సహా ఉంది. నా నోట్‌బుక్‌లో కూడా ఉంది. ఖాకీ చొక్కాతో, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని సగం కూర్చున్నాను. మోకాళ్ళు పటుక్కుమన్నాయి. పన్నెండు మందీ కిసుక్కున నవ్వారు. నా వెనక నుంచి ఇంకొక నవ్వు వినపడింది. అది మా ఇంటిదే.

మిగతా పదమూడు ప్రశ్నలూ అలాగే ఉండిపోయాయి. అడుగున ఉన్న మూడు మాత్రం అడిగాను. బాత్రూం ఉంది, లోపల గడియ ఉంది. నేల మీద గరుకు షాబాదు బండలు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. స్టేజీ సంగతి నేను అడగకుండానే ఆమే చెప్పింది. "రెండేండ్ల దాక స్టేజీ మాట ఎత్తను. ఎత్తినోళ్ళను పంపిస్త."

ఇంటికి వచ్చి, మూడు క్లాసులనూ ఏ రకంగా బేరీజు వేసి ఈ నిర్ణయానికి వచ్చానో మా ఆవిడకు వివరంగా చెప్పసాగాను. మెట్ల సంగతి చెప్పలేదు.

"బాత్రూం ఉన్నదా?" అంది మధ్యలో.

"గడియ గుడ ఉన్నది."

"మరి గంతసేపటి సంది ఏం చెప్తున్నవ్?"

మంచిరోజు చూసి కొబ్బరికాయ, తమలపాకులు, పసుపు కుంకుమలు పళ్ళెంలో పెట్టుకుని పోయి చేర్పించాం. బిడ్డ టీచరమ్మ కాళ్ళకు దండం పెట్టింది. పెట్టి, నేరుగా పోయి గోడ పక్కన కూర్చుంది. ఆ రోజు లేవలేదు. మరుసటి ఆదివారం కూడా లేవలేదు. టీచరమ్మ ఒక్కసారి పిలిచింది, తల అడ్డంగా ఊపితే ఇక పిలవలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి సైగలు చేస్తుంటే, "చూస్తుంది కదా, చూడనివ్వండి. మీరు కిందికి పోండి," అంది.

నాలుగు ఆదివారాలు గడిచాయి. మా అవ్వకు పండుగే.

"కూసునుడు నేర్పేతందుకు క్లాసా కొడుకా? గది నేను ఇంట్లనే నేర్పుదును గదా."

"చూసుడు గుడ నేర్చుకునుడే అవ్వా."

"ఏ పుస్తకంల ఉన్నది గది?"

ఏ పుస్తకంలోనూ లేదు. నాకే నమ్మకం సడలింది. క్లాసు వదిలి మెట్లు దిగేటప్పుడు మిగతా పిల్లలు టపటపలాడుతుంటే, మా బిడ్డ నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టూ మెత్తగా దిగేది. ఇంకొక్క నెల చూసి మానిపిద్దామని మా ఆవిడ అనకముందే నాకు అనిపించింది. మానిపిస్తే తనకు రాదన్న మాటకు మేమే ముద్ర కొట్టినట్టవుతుంది. ఎటూ పాలుపోలేదు.

ఐదో ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒక ఆలోచన చేశాను. ఇంట్లో నేనే మొదటి అడుగులు నేర్పితే భయం పోతుంది కదా. నోట్‌బుక్ గోడకు ఆనించి పెట్టి, లుంగీ ఎగ్గట్టి, బొమ్మ చూస్తూ మొదలుపెట్టాను. మా అవ్వ రోకలి పక్కన పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. మా ఆవిడ మిషను ఆపింది. ఆమె మిషను ఆపడం అంటే మామూలు సంగతి కాదు.

నేను తెలిసి చేసిన తప్పు కాదది. పుస్తకంలో బొమ్మ మనకు ఎదురుగా నిలబడి ఉంటుంది. దాని కుడికాలు మనకు ఎడమవైపు కనపడుతుంది. నేను అద్దంలో చూసుకున్నట్టు బొమ్మ ఎటు కదిలితే అటు కదిలాను. వారం రోజులు కూర్చుని దించిన బొమ్మలన్నిటికీ నేను ఎడమ కాలుతోనే మొదలుపెడుతున్నాను. తైయ తై, తైయ తై అంటూ బండలు అదిరేలా తొక్కాను.

మా బిడ్డ గడప మీద కూర్చుని చూసింది. ఆమె మొహం ముందు మామూలుగా ఉంది. తర్వాత కొంచెం నొప్పిగా మారింది. పక్కింటివాళ్ళ పిల్ల మనం ఆడుకునే బొమ్మను తలకిందులుగా పట్టుకుంటే ఉండే మొహం అది. ఒకసారి నోరు తెరిచి మూసుకుంది. ఇంకా నాలుగు తొక్కులు తొక్కాను. ఇక పట్టలేకపోయింది.

"గట్ల కాదు. కుడికాలు ముందు."

"గిదే కుడికాలు," అన్నాను బొమ్మ చూపిస్తూ.

"అది బొమ్మకు. నీకు గాదు." లేచి వచ్చింది. వాళ్ళ అమ్మ బట్ట కొలిచే చెక్క స్కేలు అందుకుంది, పీట తిరగేసి ముందు వేసుకుంది, టీచరమ్మ కూర్చున్నట్టే కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. "నడుము నిలవెట్టు. కిందికి చూడకు. టీ తాగొస్త అప్పటిదాక చెయ్యి." లేని గ్లాసులోంచి టీ కూడా తాగింది.

మా అవ్వ చింతపండు మీద వాలిపోయి నవ్వింది. "కొట్టు బిడ్డా, ఒక్కటియ్యి. నేను చిన్నప్పుడు ఇయ్యనిది నువ్వియ్యి."

నిజంగానే పిక్క మీద ఒకటి పడింది. పావుగంట నేర్పింది. నాకు రాలేదు. అబద్ధం ఎందుకు, కావాలని రానట్టు చేశానని స్టాండ్‌లో చెప్పుకున్నాను గానీ, నిజంగానే రాలేదు. చివరికి విసుగొచ్చి స్కేలు పక్కన పడేసి, "ఇటు సూడు," అని నా ఎదురుగా నిలబడింది. మడమలు కలిశాయి, మోకాళ్ళు పక్కలకు విచ్చుకున్నాయి. కుడికాలు లేచింది. ఎనిమిది లెక్కలూ వేసింది. ఐదు వారాలు గోడ పక్కన కూర్చుని ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా తీసుకుందన్నమాట. ఎవరం నోరెత్తలేదు. మెచ్చుకుంటే ఏమవుతుందో మాకు ఇదివరకే తెలుసు.

అంతా అయిపోయిందనుకున్నాను. తర్వాతి ఆదివారం క్లాసుకు పోయి మళ్ళీ గోడ పక్కన కూర్చుంది.

నేను తట్టుకోలేక లోపలికి పోయి ఇంట్లో జరిగింది టీచరమ్మకు చెవిలో చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కర్రతో దిమ్మను గోకుతూ నా కాళ్ళకేసి చూసింది.

"చెప్పులు విడిచినరా?"

"విడిచిన మేడం."

"పోయి వెనుక వరుసల నిలవడండి."

పన్నెండు మంది పిల్లలు తలలు తిప్పి చూశారు. కిటికీ దగ్గర ముగ్గురు తల్లులున్నారు, అందులో ఇద్దరు మా ఆటోలో తిరిగేవాళ్ళే. మొగలుల గురించీ మూత్రపిండాల గురించీ చదివినవాణ్ణి, నలుగురిలో నాకంటూ ఒక పరువుంది. గోడ పక్కన మా బిడ్డ మోకాళ్ళు ముడుచుకుని నన్నే చూస్తోంది. పోయి నిలబడ్డాను. కర్ర పడింది. తైయ తై. మళ్ళీ ఎడమ కాలే లేచింది. భయంలో కాలుకు చదువు గుర్తుండదు. ముందున్న బక్కపిల్ల వెనక్కి చూసి నవ్వు ఆపుకోలేక నోరు మూసుకుంది. రెండోసారి మొదలుపెట్టాం, మళ్ళీ ఎడమే.

మూడోసారికి నా చొక్కా అంచును ఎవరో లాగారు. మా బిడ్డ పక్కన నిలబడి ఉంది. మొహమంతా ఎర్రగా అయింది, సిగ్గు నాది కూడా తనే పడుతున్నట్టు. గొంతు తగ్గించి, "బాపూ, కుడి. నన్ను సూసి చెయ్యి," అంది. టీచరమ్మ ఆగలేదు, పిలవలేదు, అటు చూడను కూడా లేదు. కర్ర కొడుతూనే ఉంది. బిడ్డ నాకు చూపించడానికి వేసింది. ఒకసారి వేసింది, నాకు రాలేదు. ఇంకొకసారి వేసింది. నాలుగోసారికి నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు, ఎందుకంటే అప్పటికి నన్ను చూడడం మానేసి ముందు వరుస కాళ్ళను చూస్తోంది.

పాఠం మధ్యలో ఒక్కసారి తల తిప్పి, "నువ్వు పో, గిరాకి వోతది," అంది.

పోయాను. కింద నా ఆటోలో ఒక పెద్దమనిషి సంచి ఒళ్ళో పెట్టుకుని అప్పటికే ఎక్కి కూర్చున్నాడు.

"ఎటు వోయినవయ్యా? ఎప్పటి సంది సూస్తున్న. బస్టాండుకు వోవాలె, మంథని బస్సున్నది."

"డాన్స్ క్లాసుకు పోయిన."

ఆయన నా ఖాకీ చొక్కానూ, బట్టతలనూ, చెమటనూ చూశాడు. "వచ్చిందా మరి?"

"నాకు రాలే."

"గీ వయసుల ఏమస్తది. నడువు, నడువు."

పైన కర్ర మళ్ళీ మొదలైంది. బండి స్టార్ట్ చేయకుండా కాసేపు విన్నాను. ఇప్పుడు తొక్కుతున్నవి పన్నెండు జతల కాళ్ళు కావు, పదమూడు. కింద నుంచి విని అంత తేడా పట్టే చెవి ఎవరికీ ఉండదని పెద్దమనిషి అంటే ఒప్పుకుంటాను. అయినా పదమూడే.